ఊ కొట్టని ఒక్క లైను

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకం అంతకన్నా లేదు. హనుమకొండలో చదువుకునేటప్పుడు మా హాస్టల్ మూడో అంతస్తు బాత్రూముల్లో ఎవరో ఏడుస్తారని అమ్మాయిలందరూ కిందికి దిగి స్నానాలు చేసేవాళ్ళు. నేను బకెట్ పట్టుకుని తిన్నగా పైకే పోయేదాన్ని. అక్కడ క్యూ ఉండదు. రెండేళ్ళలో ఏ ఏడుపూ వినపడలేదు గానీ, ఒక్కరోజు కూడా నాకు క్లాసుకు ఆలస్యం కాలేదు.

ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, మిగతాది చదివాక ‘ఈవిడ మొదటినుంచీ ఇంతే’ అని ఎవరూ అనుకోకూడదని. నేను చేసే ఉద్యోగం కూడా అలాంటిదే. మా పనిలో ఏది జరిగినా లాగ్ అనే ఫైల్లో నమోదు అవుతుంది. లాగ్‌లో లేకపోతే జరగనట్టే లెక్క. అందుకే ఇదంతా టైములతో సహా రాస్తున్నాను.

మేం ఐర్లండులో, డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉంటాం. నేను, మా ఆయన నరేష్, అప్పటికి ఏడేళ్ళున్న మా పాప అన్వి. చిన్న చిన్న చిప్‌లలో నడిచే ప్రోగ్రాములు తయారుచేయడం నా పని. ఇది 2021 జనవరి, ఫిబ్రవరి నాటి మాట. కరోనాతో బళ్ళు మళ్ళీ మూసేశారు. ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, కారు ఆపి ఎక్కడికని అడిగేవాళ్ళు. నరేష్ హాల్లో, అన్వి వంటింటి టేబుల్ దగ్గర, నేను పైన బాక్స్ రూంలో, ఎవరి తెర ముందు వాళ్ళం కూర్చునేవాళ్ళం. బాక్స్ రూం అంటే మంచం వేస్తే తలుపు తెరుచుకోని గది.

ఆ గదికి ఒకవైపు గోడ పక్కింటివాళ్ళతో ఉమ్మడి. గోడకు అటువైపు బ్రీడా ఉండేది. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిది. బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించే పని చేసి రిటైరైంది. ఊపిరితిత్తులు దెబ్బతినడంతో ఇంట్లోనే ఆక్సిజన్ యంత్రం పెట్టారు. దానినుంచి సన్నటి గొట్టం ముక్కు దాకా వస్తుంది. ఆ యంత్రం రొద పగలంతా గోడలోంచి నాకు వినపడుతూనే ఉండేది. మొదట్లో విసుక్కున్నాను, తర్వాత అలవాటైపోయింది.

డిసెంబరులో ఒకరోజు అన్వి తను వేసిన బొమ్మ బ్రీడాకి కిటికీలోంచి చూపించడానికి వెళ్ళి పరుగెత్తుకుంటూ వచ్చింది. "మమ్మీ, బ్రీడాస్ లిప్స్ ఆర్ పర్పుల్" అంది. వెళ్ళి చూస్తే గొట్టం కుర్చీ కాలి కింద నలిగి ఉంది. యంత్రం మటుకు హాయిగా నడుస్తోంది. కరెంటు పోతే అరుస్తుంది గానీ, ముక్కు దగ్గర గాలి ఆగితే దానికి తెలియదు. అరిచినా బ్రీడాకి వినపడదు, నిద్రపోయేటప్పుడు చెవి మిషను తీసేస్తుంది. ఆ రోజు అన్వి బొమ్మ వేయకపోయి ఉంటే అంతే సంగతులు. పిల్ల వారం రోజులు నా పక్కలో నుంచి కదల్లేదు.

అప్పుడే, ఖాళీ టైములో ఇలాంటి పనిముట్లు తయారుచేసే మా వాలంటీర్ల గుంపు ఒక పెట్టె మీద పని మొదలుపెట్టింది. ముక్కు దగ్గర గొట్టానికి తగిలించే చిన్న పెట్టె. గాలి పదిహేను సెకన్లు ఆగితే పక్కింట్లో పెట్టిన రెండో పెట్టె గట్టిగా మోగుతుంది. ప్రోగ్రాములన్నీ ఓపెన్ సోర్స్, అంటే ఎక్కడెక్కడివాళ్ళో రాసి అందరికీ వదిలేసినవి. డండాక్ అనే ఊళ్ళో నలుగురు పెట్టెలు తయారుచేసేవాళ్ళు, లోపలికి ఎక్కించే ఫైలు నేను తయారుచేసేదాన్ని. మొదటి విడత ఆరు పెట్టెలు. అందులో ఒకటి బ్రీడాది, అది మా ఇంట్లోనే ఉంది.

అంతవరకు బ్రీడా మేనకోడలు వచ్చి తోడుగా ఉంది. జనవరి చివర్లో ఒక శుక్రవారం పొద్దున ఆమె కార్క్ వెళ్ళిపోవాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. గురువారం రెండు గంటలకల్లా ఫైలు పంపుతానని నేను మాట ఇచ్చాను. శుక్రవారం నుంచి బ్రీడాకి తోడు ఆ పెట్టె ఒక్కటే.

ఇక్కడ నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. పెట్టెలో ఉండేది గోరంత చిప్. ప్రోగ్రాం తయారుచేసే శక్తి దానికి లేదు, నడపడం మటుకే వచ్చు. నా లాప్‌టాప్ మీద తయారుచేసి దాంట్లోకి ఎక్కించాలి. లాప్‌టాప్ భాష వేరు, చిప్ భాష వేరు. ఇక్కడ కూర్చుని అక్కడి భాషలో తయారుచేసి ఇచ్చే పనిముట్టును క్రాస్ కంపైలర్ అంటారు. వండేది ఒక ఇంట్లో, తినేది ఇంకో ఇంట్లో అనుకోండి.

వండే ముందు కాన్ఫిగర్ అనే తంతు ఒకటి ఉంటుంది. అది వందల ప్రశ్నలు తనే వేసుకుని తనే జవాబులు రాసుకుంటూ పోతుంది. ఫలానా ఫైలు ఉందా, యెస్. ఫలానా సౌకర్యం ఉందా, నో. ఈ రకం అంకె ఎంత చోటు తీసుకుంటుంది, నాలుగు. ఏ చిప్ కోసం వండుతున్నామో ఆదేశంలోనే ఒక మాట చేర్చాలి. ఆ మాట చేర్చకపోతే అది నా లాప్‌టాప్‌నే అడిగి జవాబులు రాసేసుకుంటుంది. బీపీ ఉన్న ఇంటికి పంపే కూరలో ఉప్పు మన నోటితో చూసినట్టన్నమాట. తయారైన ఫైలు పైకి చక్కగా ఉంటుంది, నడుస్తుంది కూడా. ఎప్పుడు, ఎక్కడ చెడుతుందో మటుకు చెప్పలేం.

ఈ విద్య నాకు నేర్పింది రంగారావు అంకుల్. కాకినాడ మనిషి. ఇక్కడే ఇరవై ఏళ్ళు చిప్‌ల పని చేసి, చూపు మసకబారి ముందే రిటైరై, భార్య లక్ష్మి ఆంటీతో ములింగార్‌లో ఉంటున్నారు. కళ్ళు పనిచేయవు కాబట్టి మేం కాన్ఫిగర్ లాగ్ ఫోనులో చదివి వినిపించాలి. ఆయన ఊ కొడతారు. పిల్లలు కథకు ఊ కొట్టినట్టే, ఒక్కో లైనుకు ఒక్కో ఊ. ఊ రాలేదంటే అక్కడేదో తప్పుందని అర్థం. ఎందుకో చెప్పరు, మనమే వెతుక్కోవాలి. ఒకసారి ఆయన ఆగిన చోట ఏ తప్పూ లేదని నేను గంటసేపు వాదించాను. మర్నాడు సారీ చెప్పుకున్నాను.

అంకుల్ విని ఊ కొట్టకుండా మా గుంపులో ఏ ఫైలూ బయటికి వెళ్ళేది కాదు. చూసేవాళ్ళకు ఇదేం చాదస్తం అనిపిస్తుంది. కానీ వంద సార్లు చూసిన లైన్లను కళ్ళు దాటేస్తాయి, చెవి దాటేయదు అనేవారు ఆయన.

ఆ వారం ఆదివారం మధ్యాహ్నం ఆయన నుంచి ఫోను వచ్చింది. మాటకూ మాటకూ మధ్య దగ్గు.

"అంబులెన్సు వస్తోందమ్మా. మీ ఆంటీకి కూడా వచ్చింది గానీ తనకి జ్వరమే. నాకే ఊపిరి ఆడట్లేదు."

"మీరు మాట్లాడకండి అంకుల్."

"మాట్లాడను గానీ, ఆ ఫైలు చదవకుండా మాత్రం పంపకు."

అంతే, పెట్టేశారు. ఊపిరాడని మనిషికి ఆ క్షణాన గుర్తొచ్చింది నా ఫైలు. నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి.

సోమ, మంగళ, బుధవారాలు ఎలా గడిచాయో నాకు సరిగా గుర్తు లేదు. పగలు ఉద్యోగం, మధ్యమధ్య అన్వి క్లాసులు, మిగిలిన టైములో పెట్టె. ఆంటీకి మెసేజ్ పెడితే ‘అలాగే ఉన్నారు’ అని ఒక్క ముక్క వచ్చేది. ఆవిడా జ్వరంతో పడి ఉంది, పదేపదే కదిలించడం నాకు ఇష్టం లేకపోయింది. పెట్టెను అరగంట చొప్పున ఎన్నోసార్లు నడిపి చూశాను. అరగంట ఎందుకంటే అన్వి జూమ్ క్లాసు అరగంట, ఆ తర్వాత నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. ప్రతిసారీ గొట్టం నొక్కిపెట్టిన పదిహేను సెకన్లకు పెట్టె మోగింది.

గురువారం పొద్దునకు ఫైలు తయారైంది. లాగ్ తెర మీద ఉంది. వినేవాళ్ళు లేరు.

నరేష్‌ని కూర్చోమందాం అనుకున్నాను. అతనికి మీటింగు, పైగా ఈ విషయం తెలియదు. నాకు నేనే పైకి చదవడం మొదలుపెట్టాను, నాలుగు లైన్లకే కళ్ళు జారిపోతున్నాయి. అప్పుడు, కనీసం ఎలా ఉన్నారో కనుక్కుందామని, అంకుల్ నెంబరు నొక్కాను. ఎత్తుతారన్న ఆశ లేదు. టైము పది యాభై రెండు.

రెండు రింగులకు ఎత్తారు.

హలో అన్నాను. జవాబు లేదు. వెనక ఏదో యంత్రం రొద ఉన్నట్టుంది. అది ఫోనులోంచి వచ్చిందో గోడవతల బ్రీడా యంత్రమో నేను చెప్పలేను. ఆసుపత్రిలో నర్సు ఎవరో ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి ఉంటుంది, మాస్కు ఉంది కాబట్టి మాట్లాడలేకపోతున్నారు అనుకున్నాను.

"అంకుల్, వినపడుతోందా?"

"ఊ."

ఆయన గొంతే. ఇందులో నాకు అనుమానం లేదు. నాలుగేళ్ళుగా వింటున్న ఊ అది, కొంచెం ముక్కుతో, కొంచెం విసుగ్గా.

"మీరేం మాట్లాడకండి. నేను చదువుతాను, వినగలిగినంత సేపు వినండి" అన్నాను.

"ఊ."

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషికి లాగ్ చదివి వినిపించే రకం ఎవరైనా ఉంటారా? కానీ నా భయం నాది. రేపటినుంచి గోడవతల ఒక ప్రాణం నా ఫైలు మీద ఉండబోతోంది. చదివాను.

ఫైలు మొత్తం నాలుగు ప్రోగ్రాం ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో లాగ్. మొదటి మూడూ సాఫీగా జరిగాయి. లైను చదవడం, ఊ వినడం. ఎక్కడా తొందర లేదు, ఆలస్యం లేదు. నాలుగోది చాలా చిన్నది, కాలం లెక్కపెట్టే ముక్క. పెట్టె గాలి ఆగి ఎంతసేపైందో దాన్నే అడుగుతుంది. పది, పన్నెండు లైన్లు చదివాను. ఒక లైను దగ్గర ఊ రాలేదు.

కట్ అయిందేమోనని ఫోను చూశాను. కాల్ నడుస్తోంది. అదే లైను మళ్ళీ చదివాను. రాలేదు. దాని ముందు లైను చదివాను.

"ఊ."

మళ్ళీ ఆ లైను. నిశ్శబ్దం.

అది ప్రతి లాగ్‌లోనూ ఉండే లైను. ‘చెకింగ్ వెదర్ వుయ్ ఆర్ క్రాస్ కంపైలింగ్’ అని, అంటే వేరే చిప్ కోసం వండుతున్నామా అని ప్రశ్న ఉండి, పక్కన జవాబు ఉంటుంది. నేను ఎన్ని వందలసార్లు చూసి ఉంటానో. మొదటి మూడు లాగ్‌లలో దాని పక్కన యెస్ ఉంది. ఇక్కడ నో అని ఉంది. రెండుసార్లు నా నోటితోనే నో అని చదివి కూడా నాకు తెలియలేదు.

మూడింటికి ఆ చిప్ పేరు ఇచ్చాను, నాలుగోదానికి మరిచిపోయాను. ఆ తర్వాత వండేటప్పుడు మటుకు క్రాస్ కంపైలర్‌నే పెట్టాను, కాబట్టి లాప్‌టాప్ ఎక్కడా తప్పు చూపించలేదు. ప్రశ్నలకు జవాబులన్నీ నా లాప్‌టాప్‌వి, ఫైలు వెళ్ళేది చిప్ లోపలికి. ఇంత మోసపు తప్పు మా పని చేసేవాళ్ళకే సాధ్యం. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు.

"దొరికింది అంకుల్" అన్నాను.

"ఊ."

కాల్ కట్ అయింది. పదకొండున్నర.

ఆ తప్పు వల్ల ఏమవుతుందో లెక్క కట్టాను. లాప్‌టాప్‌లో ఆ అంకెకు చోటు ఎనిమిది బైట్లు, చిప్‌లో నాలుగే. సెకనులో పదిలక్షల వంతు చొప్పున కాలం లెక్కపెట్టుకుంటూ పోతే గంటా పదకొండు నిమిషాలకు ఆ చోటు నిండిపోయి అంకె సున్నాకి పడుతుంది. ఆ తర్వాత వచ్చే గాలి టైములు పాతదానికన్నా చిన్నవని పెట్టె రాసుకోదు, దాని దృష్టిలో చివరిసారి గాలి వచ్చిన టైము ఇంకా రాని టైము అవుతుంది. అది వచ్చేదాకా మోగే పని లేదని ఊరుకుంటుంది. నేను చేసిన పరీక్షలన్నీ అరగంటవి.

కాగితం మీద లెక్క సరే, కళ్ళతో చూడాలి కదా. కొత్త ఫైలు తయారుచేసి, పెట్టెలోలాంటి చిప్ ఉన్న ఒక బోర్డులోకి, పాత ఫైలు ఇంకో బోర్డులోకి ఎక్కించాను. చిన్న పంపు నుంచి గాలి వచ్చే గొట్టం ఒక్కోదానికి తగిలించి, పన్నెండుకు రెండూ ఒకేసారి ఆన్ చేశాను. గంటంబావు అలా వాటిముందే కూర్చున్నాను. అన్నం తినలేదు. అన్వి వచ్చి "ఆర్ యూ క్రాస్ విత్ మీ?" అని అడిగింది. కోపం లేదమ్మా అని పంపేశాను.

ఒంటిగంటా పదిహేనుకు రెండు గొట్టాలూ రెండు వేళ్ళతో నొక్కిపెట్టాను. పదిహేను సెకన్లకు కొత్తది మోగింది. పాతది మోగలేదు. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది, అంతా బాగుందని. నా వేళ్ళు నొప్పి పుట్టినా గొట్టం వదలబుద్ధి కాలేదు. ఊదారంగు పెదాలు అన్న అన్వి మాటే చెవిలో మోగుతోంది.

ఒంటిగంటా నలభైకి కొత్త ఫైలు డండాక్ పంపాను. బ్రీడా పెట్టెలోకి నేనే ఎక్కించి, ఆమె గొట్టానికి తగిలించి వచ్చాను.

ఇంతవరకు నాకు ఇందులో వింత ఏమీ లేదు. జబ్బులో కూడా పెద్దాయన సాయం చేశారు, అంతే. మూడింటికి ఆంటీకి ఫోను చేశాను, ఆ నర్సుకి నా తరఫున థాంక్స్ చెప్పమందామని.

"ఏ నర్సమ్మా?" అంది ఆంటీ.

చెప్పాను.

"ఆయన్ని నిన్న సాయంత్రమే వెంటిలేటర్ మీద పెట్టారే. నోట్లో గొట్టం, మత్తు. కళ్ళు కూడా తెరవట్లేదంట."

"మరి ఫోను?"

"ఫోను నా దగ్గరే ఉంది. ఆదివారం సంచీ సర్దే హడావుడిలో హాట్ ప్రెస్‌లో, అదే వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మారాలో, తువ్వాళ్ళ మీద పెట్టి మర్చిపోయాను. సోమవారం చూస్తే చార్జింగ్ అయిపోయి ఉంది. వంటింటి అల్మారాలో పడేశాను, ఇంకా అక్కడే ఉంది."

నన్ను లైనులో ఉంచి వెళ్ళి తీసింది. అల్మారా తలుపు చప్పుడు నాకు వినపడింది. ఆన్ అవ్వట్లేదమ్మా అంది. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నేను మరిచిపోలేను.

"ఊ అన్నప్పుడు ఆయాసం ఉందా?"

"లేదు ఆంటీ. మామూలుగానే ఉన్నారు."

ఆవిడ ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చివరికి ఆవిడే తేరుకుని, "ఈ సంగతి ఆయనకి చెప్పకమ్మా, వస్తే" అంది. ఆ ‘వస్తే’ అన్న మాట విని నాకు ప్రాణం ఉసూరుమంది.

నరేష్‌కి చెబితే నమ్మలేదు. "నువ్వు నిద్రపోయి ఎన్ని దినాలైతుంది స్వరూపా? నీ అంతట నువ్వే చూసుకున్నవ్, ఊ అన్నట్టు అనిపించింది. గంతే" అన్నాడు. నేను నా ఫోను చూపించాను. అంకుల్ నెంబరు, ముప్పై ఎనిమిది నిమిషాలు. కాసేపు తిప్పి తిప్పి చూసి, "ఆంటీనే జ్వరంల ఎత్తిందేమో" అన్నాడు.

అదీ ఆలోచించాను. ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని విన్న మనిషి, జ్వరం మత్తులో ఎత్తి ఊ కొట్టి ఉండొచ్చు. కానీ చార్జింగ్ లేని ఫోను ఎలా ఎత్తుతుంది? వాయిస్ మెయిల్‌కి వెళ్ళిందనుకున్నా అది రెండు మూడు నిమిషాలకే కట్ అవుతుంది. మా ఫోను కంపెనీ నుంచి కాల్ రికార్డు తెప్పించాను. పది యాభై రెండు, ముప్పై ఎనిమిది నిమిషాలు అనే ఉంది. తర్వాత ఆంటీ ఆ ఫోను చార్జి చేసి చూస్తే గురువారం నా నుంచి కాల్ వచ్చినట్టే లేదు, మిస్డ్ కాల్ కూడా లేదు.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం పప్పుచారుకు పోపు పెడుతుంటే వంటింట్లో ఉన్న రెండో పెట్టె మోగింది. పోపు మాడిపోతున్నా వదిలేసి, మాస్కు కూడా మరిచిపోయి పరుగెత్తాను. బ్రీడా కుర్చీలో నిద్రపోతోంది, గొట్టం కుర్చీ కీలు సందులో ఇరుక్కుని ఉంది. లాగి వదలగానే రెండు నిమిషాల్లో కళ్ళు తెరిచింది. "ఐయామ్ గ్రాండ్, లవ్. ఈజ్ సంథింగ్ బర్నింగ్?" అంది, తనకేమీ కానట్టు. ఆ పెట్టె అప్పటికి ఇరవై రోజులుగా ఆగకుండా నడుస్తోంది. గంటా పదకొండు నిమిషాలు ఎన్నిసార్లు దాటిందో.

ఆమె మెట్ల మీద కూర్చుని నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అన్వి వచ్చి నా వీపు నిమిరింది.

రంగారావు అంకుల్ బతికారు. ఆరు వారాలు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చారు. కౌంటీలు దాటి తిరగొచ్చని చెప్పాక, వేసవిలో ఒక ఆదివారం ములింగార్ వెళ్ళాను. పెరట్లో ఎండలో కూర్చోబెట్టారు. సగమైపోయారు గానీ మాట పాత మాటే.

"ఏమ్మా, ఆ ఫైలు చదివాకే పంపావా?"

ఆంటీ నా వైపు చూసింది. చదివాను అంకుల్ అన్నాను.

"ఎవరు విన్నారు?"

"నేనే చదువుకున్నాను."

"అలా కుదరదు. ఏదీ, ఇప్పుడు చదువు. విందాం."

నా సంచీలో ఆ తప్పు లాగ్ ఉంది. జనవరి నుంచి దాన్ని వెంటేసుకునే తిరుగుతున్నాను. పరీక్ష అన్నాక రెండోసారి కూడా చేయాలి, నా వృత్తి అలాంటిది. ఎవరి చెవి ఆ రోజు ఆ లైను పట్టుకుందో నాకు తెలియాలి. నాలుగో ముక్క కాగితాలు తీసి, మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను.

"ఊ" అన్నారు. అదే ఊ, కొంచెం ముక్కుతో. పది లైన్లు, పన్నెండు. ఆంటీ టీ కప్పులు సర్దడం ఆపేసింది. ఆ లైను వచ్చింది. యెస్, నోలను నొక్కి పలకకుండా, మిగతావి ఎలా చదివానో అలాగే చదివాను. క్రాస్ కంపైలింగ్, నో.

"ఊ" అన్నారు అంకుల్.

నేను ఆగిపోయాను.

"ఆగావేం? చదువు."

చివరిదాకా చదివాను. ప్రతి లైనుకూ ఊ కొట్టారు. అయ్యాక కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలారు.

"బాగుందమ్మా. పంపెయ్."

పెద్ద జబ్బు నుంచి లేచిన మనిషి, చెవి అలసిపోయి ఉంటుంది. ఇంటికి వచ్చే దారంతా నాకు నేను ఇదే చెప్పుకున్నాను, అది నిజమే అయ్యుండొచ్చు కూడా. లూకన్ వచ్చి బాక్స్ రూంలోకి వెళితే గోడవతల బ్రీడా యంత్రం ఎప్పటిలాగే రొద చేస్తోంది. ఆ గురువారం అంకుల్ ఆసుపత్రిలో కాకుండా ఇంట్లోనే ఉండి, ఎప్పటిలా ఆయనే ఫోను ఎత్తి ఉంటే ఏమై ఉండేదో నేను ఆలోచించను, ఆలోచిస్తే నిద్ర పట్టదు. ఇప్పటికీ ప్రతి లాగూ పైకి చదువుతాను, లైను లైనుకీ కాసేపు ఆగుతాను. ఆ ముప్పై ఎనిమిది నిమిషాలు నేను చదివింది ఎవరికో నాకు తెలియదు.